ఒప్పజెప్పిన పాఠము, అచ్చైన మార్కు

గోదావరీతీరమునందలి బాసర క్షేత్రమున, సరస్వతీదేవి సన్నిధిని, పలకను ఒడిలో బెట్టుకొని కూర్చున్న పసిబిడ్డను ఎవ్వరును ప్రశ్న యడుగరు. అర్చకుడు చేయి పట్టి అక్షరము దిద్దించును. బిడ్డ యేడ్చినను, తల్లి భుజముపై నిద్రపోయినను, బలపమును విసరివేసినను అక్షరాభ్యాసము జరిగినట్లే. హైదరాబాదులోని మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతముల అద్దపు మేడలలో ఉద్యోగములు చేయుచున్న తల్లిదండ్రులనేకులు ఈ క్రతువునకై తమ బిడ్డలను సుమారు 200 కిలోమీటర్ల దూరము తీసికొనిపోవుదురు. అంత దూరము పోలేనివారు వర్గల్ కొండమీది సరస్వతిని దర్శించి వత్తురు. వచ్చిన కొలది మాసములకే అదే బిడ్డ ఒక పాఠశాల గదిలో, మున్నెన్నడు చూడని ఉపాధ్యాయిని యెదుట నిలువబడి, రంగుల పేర్లను, జంతువుల పేర్లను, తన పేరును ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చును. తల్లిదండ్రులు ప్రక్క కుర్చీలలో ఊపిరి బిగబట్టి వినుచుందురు. దానికి పరీక్ష యను పేరు లేదు. ‘ఇంటరాక్షన్’ అని వ్యవహారము. ఆ పిమ్మట ప్రీప్రైమరీ తరగతియగు పీపీ-1లో వర్క్‌షీట్లు, ఒకటవ తరగతిలో డిక్టేషన్లు, స్లిప్ టెస్టులు, వాని తరువాత ఫార్మేటివ్, సమ్మేటివ్ అసెస్మెంట్లనబడు ఎఫ్ఏలు, ఎస్ఏలు వరుసగా వచ్చును.

ఈ పరీక్షలను గూర్చి, సైబరాబాదుగా వ్యవహరింపబడు ఈ ప్రాంతపు తల్లిదండ్రులలో ఏకాభిప్రాయము లేదు. ఆరేడేండ్ల బిడ్డకు మార్కులేమిటని బాధపడువారును, టెస్టు పెట్టనిచో బిడ్డ పుస్తకమే తెరువడని ఉపాధ్యాయులతో వాదించువారును ఒకే అపార్టుమెంటులో, ఒక్కొక్కయెడ ఒకే కుటుంబములో కలరు. ఈ వివాదము కంప్యూటరు కొలువులతోపాటు నిన్న మొన్న పుట్టినదని తలచుట సరికాదు. బిడ్డ యేమి నేర్చెనో తాము తెలిసికొనవలెనను తహతహ తెలుగుదేశపు తల్లిదండ్రులకు ఎల్లకాలమును ఉన్నది. అయితే ఒకప్పుడు వారు దానిని తమ చెవులతో విని తెలిసికొనుచుండిరి, నేడు ఒక అంకెను చూచి తెలిసికొనవలసి వచ్చుచున్నది. ఈ మార్పు ఎట్లు కలిగినదో తెలిసినగాని, నేటి తల్లిదండ్రులు పరీక్షను ఏల కోరుచున్నారో, ఏల దానికి జంకుచున్నారో మనకు బోధపడదని నా నమ్మకము.

1822వ సంవత్సరమున మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో, తన పాలనలోని జిల్లాల కలెక్టర్లందరిని, దేశీయ పాఠశాలల వివరములు సేకరించి పంపుడని కోరెను. 1826 నాటికి తేలిన లెక్క 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. ఆ నివేదికలలో నెల్ల చదువదగినది, నేటి అనంతపురసీమ కూడ అంతర్భాగముగా నుండిన నాటి బళ్ళారి జిల్లానుండి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపినది. ఆయన తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన విద్వాంసుడగుటచే, లెక్కలతో తృప్తి చెందక, బడిలో పిల్లవాడు ఉదయమునుండి సాయంకాలమువరకు ఏమి చేయునో కూడ వ్రాసిపెట్టెను. ఆ జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులు. బాలునకు ఐదేండ్లు రాగానే పంతులును, తక్కిన పిల్లలును వాని యింటికే పిలువబడుదురు; అందరును వినాయకుని చుట్టును కూర్చుండగా, పంతులు బాలుని వ్రేలు పట్టి బియ్యములో దేవుని పేరు వ్రాయించును. చదువు ఆరంభమగునది ఇంటిలో, కన్నవారి కండ్ల యెదుట.

ఆ బడిలో వరుస సంఖ్యలు లేకపోలేదు. తెల్లవారుజామున అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత గౌరవచిహ్నముగా సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవాని చేత సున్న చుట్టుదురు, అనగా వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి హెచ్చు. కాంబెల్ వ్రాసిన ఈ సంగతిని చదివినప్పుడెల్ల నాకు తోచునది ఒకటే: ఆ వరుస, పిల్లవాని బుద్ధిని కొలిచినది కాదు, వాడు లేచిన వేళను కొలిచినది. నేడు వెనుకబడినవాడు రేపు కోడికూతతో లేచినచో మొదటివాడు కాగలడు; తల్లి తోడ్పడినచో తప్పక కాగలడు. మందబుద్ధియని ఏ బాలుని నుదుటను ముద్ర పడదు.

చదువు ఎంతవరకు వచ్చినదో తెలిసికొనుటకు తల్లిదండ్రులకు వేరొక మార్గము కలదు, అది ఒప్పజెప్పుట. వీధి అరుగుపై సాగు బడియగుటచే ఎక్కములును, గుణింతములును, శతకపద్యములును వీధికంతకును వినవచ్చుచుండెను. దీపాలవేళ పిల్లవాడు పెద్దల యెదుట కూర్చుండి నాటి పాఠమును ఒప్పజెప్పవలెను. తప్పినచోట తాతయో అమ్మమ్మయో అందించును. చదువురాని తల్లికి సైతము వినుటచేతనే బిడ్డ తడబడుట తెలియును. ఏటేట దసరా పండుగకు పంతులు పిల్లలనందరిని వెంటబెట్టుకొని, రంగుకాగితములు చుట్టిన విల్లంబులు, గిలకలు చేతబట్టించి, ఇంటింటికిని నడిపించుచుండెను. పిల్లలు ఆ యిండ్ల వాకిళ్ళలో పద్యములు చదువుదురు. గృహస్థులు పంతులునకు రూకలో బట్టలో, పిల్లలకు పప్పుబెల్లములు ఇత్తురు. పంతులునకు అది ఏటేటి రాబడి. ఊరికి అది వేడుక. కాని సూక్ష్మముగా పరిశీలించినచో అది ఆ యేటి చదువునకు ఊరు జరిపిన బహిరంగ పరిశీలనమే. ఒక్కొక్క తండ్రి తన వాకిటనే తన కుమారుని గొంతు విని, పంతులు పడిన శ్రమను తానే నిర్ణయించుకొని తగిన సంభావన యిచ్చెడివాడు.

నేను ఆ వీధిబడిని స్వర్గముగా చిత్రింపదలచలేదు. కోదండము వ్రేలవేయుట, తొడపాశము పెట్టుట వంటి క్రూరదండనములు అచ్చట నిత్యకృత్యములు. బాలికలు అచ్చట బహు కొద్దిమంది. అంటరానివారని దూరముంచబడిన కులముల బిడ్డలకు ఆ అరుగు ప్రాయికముగా అందనిది. పిల్లలు చదువు పద్యములకు అర్థము తెలియకయే వల్లించుచున్నారని కాంబెల్ చేసిన ఫిర్యాదు కూడ సత్యమే. అయినను, బిడ్డ చదువును గూర్చిన వార్త తండ్రికి మూడవవాని కాగితముపై చేరుట యను అలవాటు ఆనాటికింకను పుట్టలేదు.

ఆ కాగితము పుట్టినది సర్కారు సొమ్ముతోపాటు. 1862లో ఇంగ్లండున రాబర్ట్ లో యను మంత్రి, పాఠశాలలకిచ్చు ధనసహాయమును పిల్లల పరీక్షాఫలితములతో ముడిపెట్టెను. ఆరేండ్లు దాటిన పిల్లలు ఇన్‌స్పెక్టరు ఎదుట చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింట పరీక్షింపబడవలెను. తప్పిన పిల్లవాడు తన బడికి రావలసిన పైకమును పోగొట్టినవాడగును. కవియు స్వయముగా ఇన్‌స్పెక్టరును అయిన మాథ్యూ ఆర్నాల్డు దీనిని తీవ్రముగా వ్యతిరేకించెను. ఆ పద్ధతియే మదరాసు రాజధానికిని దిగుమతియై, ఫలితములనుబట్టి గ్రాంటు అను పేర 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మన పల్లెటూరి బడులను ఆవరించెను. అంతకుముందు దసరాకు ఊరివారి నాశ్రయించిన పంతులు, ఇప్పుడు ఇన్‌స్పెక్టరు వచ్చు దినమునకు ఎదురుచూడవలసినవాడయ్యెను. శ్రోత మారెను. పిల్లవాడు ఒప్పజెప్పునది తండ్రికి కాక, ఒక్క దినము గుఱ్ఱముమీదనో బండిలోనో వచ్చిపోవు అధికారికి. ఆయన వ్రాసికొనిపోవు అంకె పంతులు బ్రదుకునకు ఆధారము. 1904లో కర్జను ప్రభుత్వము విద్యావిధానమును గూర్చి చేసిన తీర్మానములో ఈ గ్రాంటు పద్ధతిని త్రోసిపుచ్చెను. పద్ధతి పోయెను గాని, పసివాని చదువునకు వెలుపలివాడు వచ్చి వెల కట్టవలెనను భావము మాత్రము మనలో నాటుకొనిపోయెను.

నేడు హైటెక్ సిటీగా పిలువబడు నేల నాడు నిజాము రాజ్యములోనిది. అచ్చటి కథ కొంత భిన్నము. ఉన్నత విద్య 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూలో సాగుచుండగా, తెలుగువారికి పరీక్షయనునది తమ భాషకు గుర్తింపు దొరకునా యను ప్రశ్నయై నిలిచెను. మాడపాటి హనుమంతరావుగారు 1928లో స్థాపించిన ఆంధ్ర బాలికల పాఠశాలకు తెలుగు మాధ్యమమగుటచే ఇచ్చట ఆదరము లభింపక, సంఘసంస్కర్త కార్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొనవలసి వచ్చెను. ఆ బాలికలు వ్రాసిన పరీక్ష వారి తల్లిదండ్రులకు ఒక అభిమానవిజయము. పరీక్ష ఎల్లప్పుడును పీడనమే కాదని చెప్పుటకు ఇంతకన్న మంచి తార్కాణము నాకు దొరకలేదు.

స్వాతంత్ర్యానంతరము ఆ విజయభావమే ఊరూర వ్యాపించెను. 1971లో పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసినది. పేదరైతు కుమారుడు పరీక్షలో నెగ్గి, ఉచితముగా తిండియు చదువును పొందగలిగినాడు. 1985లో హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐఐటీ శిక్షణ ఆరంభించిరి; ఆ శిక్షణలో చేరుటకే ఒక పరీక్ష, ఆ పరీక్షకు మరల శిక్షణలు ఏర్పడినవి. 1986నుండి ఇంజనీరింగు, వైద్యవిద్యల ఉమ్మడి ప్రవేశపరీక్షయగు ఎంసెట్ వచ్చినది. ఖమ్మము, గుంటూరు, కరీంనగరము, కడప జిల్లాల చిన్నరైతుల యిండ్లలో, గుమాస్తాల యిండ్లలో ‘ర్యాంకు’ అను మాట పెండ్లిమాటలకు సమానమైన గాంభీర్యమును పొందెను. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించునాటికి, ఆ మేడలో కూర్చుండవలసినవారు ఇట్లు సిద్ధమగుచునే యుండిరి. రాళ్ళగుట్టలు, చెరువులు, చిన్న చిన్న పల్లెలు తప్ప పెద్దగా మఱేమియు లేని ఆ ప్రాంతమునకు తరువాతి రెండు దశాబ్దములలో వచ్చి స్థిరపడినవారిలో అనేకులు పరీక్షచేతనే ఊరు దాటినవారు. ఇది మరువరాని విషయము. కులమో, పలుకుబడియో, వారసత్వపు పొలమో వీరిని ఇచ్చటికి చేర్చలేదు. ఒక ఉదయమున వ్రాసిన మూడు గంటల పరీక్ష చేర్చినది. అట్టివారికి పరీక్షను శంకించుటయనగా తమ జీవితమునే శంకించుట.

కావుననే, ‘మనము వ్రాయలేదా, ఏమైనది మనకు?’ అను మాట సైబరాబాదు ఇండ్లలో తరచుగా వినబడును. ఆ మాటలో మొండితనము కంటె కృతజ్ఞత యెక్కువ. కాని ఆ మాట చెప్పు తండ్రి ఎంసెట్ వ్రాసినది పదునేడేండ్ల వయస్సున. ఏడవ తరగతి ఉమ్మడి పరీక్ష అతనికి తెలిసిన మొదటి పెద్దపరీక్ష. అంతకు పూర్వము అతడు పల్లెబడిలో పలకపై వ్రాసి తుడిచివేసిన తప్పులను ఏ రిజిష్టరును భద్రపరుపలేదు. అతని కుమార్తె తప్పులు ఒకటవ తరగతినుండియే పాఠశాల యాప్‌లో నిలిచియున్నవి. కార్యాలయమున సమావేశము జరుగుచుండగానే 25కు 17 అను సందేశము తండ్రి ఫోనులో మ్రోగును. సైబర్ టవర్స్ లేచిన 1998లోనే నెలకొన్న సైన్స్ ఒలింపియాడ్ ఫౌండేషన్ వంటి సంస్థల పోటీలు ఒకటవ తరగతి పిల్లలకును తెరువబడి, పతకములు, జాతీయ ర్యాంకులు ఇంటికి వచ్చుచున్నవి. తాను పదునేడేండ్లకు మోసిన బరువును బిడ్డ ఆరేండ్లకు మోయుచున్నదను సంగతి ఆ తండ్రికి తెలియక కాదు. తెలిసియు, ప్రక్కయింటివారు ఆగనిదే తానెట్లు ఆగగలనను భయమున చిక్కుకొనినాడు.

చట్టములు ఈ భయమును తీర్పజూచినవి. 1989లో రాజ్యసభలో నవలాకారుడు ఆర్. కె. నారాయణ్ పసిపిల్లల పుస్తకాల సంచి బరువును గూర్చి చేసిన ప్రసంగము ఫలముగా ఏర్పడిన యశ్‌పాల్ సంఘము, 1993లో, నర్సరీ ప్రవేశములకు పరీక్షలును, ఇంటర్వ్యూలును రద్దు చేయవలెనని సూచించెను. 2009నాటి విద్యాహక్కు చట్టము ప్రవేశమునకై పిల్లలను గాని తల్లిదండ్రులను గాని వడబోయుటను నిషేధించి, మొదటి తప్పునకు 25,000, ఆపైన ప్రతి తప్పునకును 50,000 రూపాయల వరకు జరిమానా విధించెను. చీటి తీసి ఎంచుట తప్ప మఱియొక విధమగు ఎంపిక కూడదనెను. నిరంతర సమగ్ర మూల్యాంకనము చేయవలెనని, ప్రాథమిక విద్య ముగియువరకు బోర్డు పరీక్ష ఉండరాదని శాసించెను. ఉద్దేశము ఉదాత్తమైనది. మూల్యాంకనము నిరంతరము కావలెనన్నచో, ఉపాధ్యాయుడు పిల్లవానిని నిత్యము గమనించుచుండవలెనని దాని భావము. మన బడులలో అది నిత్యము పరీక్ష పెట్టుటగా పరిణమించినది. మూడు పెద్ద పరీక్షలుండిన చోట ఎఫ్ఏలు, ఎస్ఏలు, వాని నడుమ స్లిప్ టెస్టులు చేరినవి. 2019లో చట్టమును సవరించి, ఐదవ, ఎనిమిదవ తరగతుల చివర పరీక్ష పెట్టి, మరియొక అవకాశమిచ్చిన పిదప కూడ తప్పినవారిని నిలుపుటకు రాష్ట్రములకు వీలు కల్పించిరి. 2022లో వెలువడిన పునాదిదశ పాఠ్యప్రణాళికాచట్రమో, ఎనిమిదేండ్లలోపు పిల్లలకు వ్రాతపరీక్షలు ఏమాత్రమును తగవని స్పష్టముగా పలికినది. ఇన్ని గొంతుల నడుమ తల్లిదండ్రులు ఎవరి మాట వినవలెను?

ఈ వీధులలోనే మఱియొక వర్గము తల్లిదండ్రులు కలరు. చదువును గూర్చిన చర్చలలో వారి ప్రసక్తి రాకుండుట నాకు మిక్కిలి బాధ కలిగించును. కోకాపేట, నల్లగండ్లలలో లేచుచున్న అంతస్తులకు సిమెంటు మోయు పాలమూరు కూలీ, ఆ అంతస్తులలో ఇల్లు తుడుచు స్త్రీ, తమ బిడ్డను నాలుగవ తరగతిలోనే గురుకుల ప్రవేశపరీక్షకు సిద్ధము చేయించుచున్నారు. ఐదవ తరగతిలో సీటు వచ్చినచో తిండి, బట్ట, చదువు, భద్రత అన్నియు ఒక్కసారిగా లభించును. తొమ్మిదేండ్ల బిడ్డకు పరీక్ష తగదని వారికి ఎవ్వరైన చెప్పినచో, మఱి మాకు వేరే దారి యేదని వారు తప్పక అడుగుదురు. ఆ ప్రశ్నకు సీట్ల కొఱత తీర్చుట తప్ప సమాధానము లేదు. ఎన్ని బడులు చాలునో అన్ని మంచి బడులున్న దేశమున పసివారిని వడపోయు అగత్యమే ఉండదు గదా.

2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతపడినపుడు ఒక విచిత్రమైన సంఘటనము జరిగినది. తరగతి యెల్ల ఇంటి హాలులోనికి వచ్చి కూర్చుండెను. ఒకటి మొదలు ఎనిమిది తరగతులవరకు దినమునకు రెండు తరగతులకు మించి ఆన్‌లైనులో పెట్టరాదని కేంద్రము ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకములలో చెప్పెను. అదే హాలులో ఒక మూల తల్లి తన కార్యాలయపు పనిలోను, మఱియొక మూల బిడ్డ చదువులోను మునిగియుండిరి. అనేకసంవత్సరముల పిమ్మట, బిడ్డ చదువునప్పటి తడబాటును, ప్రశ్నకు జవాబు తెలిసియు చెప్పలేక మూగవోవుటను, తెలియకయు ధైర్యముగా చెప్పుటను తల్లిదండ్రులు చెవులార వినిరి. కొందఱు ఆన్‌లైను పరీక్షలలో ప్రక్కన కూర్చుండి తామే జవాబులు అందించిరి; అది నిజమే, తప్పే. కాని మఱికొందఱకు ఆ మాసములలోనే, 25కు 17 అను అంకె వెనుక ఏ పిల్లవాడున్నాడో మొదటిసారిగా తెలిసినది. బడులు తెరచిన పిదప ఆ వినికిడి మరల ఆగిపోయెను.

ఆ వినికిడి ఆగిపోవుటకు ఇంటి భాషకును బడి భాషకును ఏర్పడిన అగాధము ఒక కారణము. పూర్వము అమ్మమ్మ పద్యమును అందించెడిది. నేడు ఫోనిక్స్ పాఠమును ఆమె అందింపలేదు. ఇంగ్లీషు అంతగా రాని తల్లి, బిడ్డ ఏమి చదువుచున్నదో విని గ్రహింపలేక, మార్కు ఒక్కటే తనకర్థమగు భాషయని దానిని గట్టిగా పట్టుకొనును. పరీక్షలు కావలెనని పాఠశాలల నడుగు తల్లిదండ్రులలో ఇట్టివారు ఎందఱో కలరు. వారిని మార్కుల పిచ్చివారని నిందించుట అన్యాయము. తమకు వినబడు వార్త వేరొకటి లేనపుడు వారు వేఱేమి చేయగలరు?

చెవితో విని బిడ్డ చదువును తెలిసికొను మార్గములు నేటికిని లేకపోలేదు. ప్రథమ్ అను స్వచ్ఛందసంస్థ 2005నుండి దేశమంతట గ్రామములలో ‘అసర్’ అను పరిశీలనమును జరుపుచున్నది. కార్యకర్త ఇంటికి వచ్చి, బిడ్డచేత వానికి తెలిసిన భాషలో రెండవ తరగతి స్థాయి కథను పైకి చదివించును. తల్లి వాకిట నిలువబడి వినును. వ్రాతపత్రము లేదు, ర్యాంకు లేదు. 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వబడులలో ఆరంభమైన ‘తొలిమెట్టు’ కార్యక్రమమును, చదువుటను, వ్రాయుటను, లెక్కలలోని చతుర్విధ ప్రక్రియలను ఒక్కొక్క పిల్లవానికి వేర్వేరుగా చూచుట అను మార్గమునే అనుసరించినది. గచ్చిబౌలిలోని కొన్ని అంతర్జాతీయ పాఠశాలలు సంవత్సరమున ఒకసారి బిడ్డయే తన పనిని తల్లిదండ్రులకు వివరించు సమావేశమును జరుపుచున్నవి. వీని నడుమ నున్న విశాల మధ్యతరగతి బడులకు మాత్రము ఇది రాలేదు. అచ్చట శనివారపు పీటీఎం, అనగా తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సమావేశమున పది నిమిషములు దొరకును, అందులో ఉపాధ్యాయిని మార్కుల పట్టికను తండ్రి చేతికిచ్చి, ‘గణితములో కొంచెము చూడండి’ అని చెప్పి, మఱియొక తండ్రిని పిలుచును.

ఆ పది నిమిషములలో ఐదు నిమిషములు బిడ్డకీయుడని నేను ఆ పాఠశాలలను కోరుచున్నాను. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు ఆ దినము పట్టికకు బదులు పుస్తకమును తెచ్చి, తమకు నచ్చిన పుటను తల్లిదండ్రుల యెదుట పైకి చదువుదురు గాక; తెలుగు ఇంటి బిడ్డ తెలుగు పుటను కూడ చదువును; ఒక లెక్కను తాను ఎట్లు చేసెనో నోట చెప్పును. దీనికి కొత్త చట్టము అక్కఱలేదు, ఫీజు పెంపును అక్కఱలేదు. తాతయు, అమ్మమ్మయు ఊరినుండి వచ్చియున్నచో వారిని కూడ ఆ గదిలోనికి రానీయవలెను.